వన్స్‌మోర్

ఆవిడ పోయారన్న కబురూ, ఆవిణ్ణి తిట్టే వీడియో, రెండూ ఆ రోజు పొద్దున్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకదాని కింద ఒకటి వచ్చాయి. ముందు ఆవిడ ఫొటో, దాని కింద వరసగా దణ్ణం పెట్టే బొమ్మలు. ఆ దణ్ణాల మధ్యలో ఎవడో ఆ పాత వీడియో పడేశాడు. ‘చిన్నపిల్ల నోరు నొక్కిన టీచరు ఈవిడే’ అని దానికో తోక కూడా తగిలించాడు. నేను షాపులో కూర్చుని కాలిపోయిన స్పీకరు ఒకటి విప్పుతున్నాను. చేతిలో స్క్రూడ్రైవరు చేతిలోనే ఉండిపోయింది. అక్కడ ఆవిణ్ణి ఇంకా ఫ్రీజరు పెట్టెలో పెట్టి కూడా ఉండరు. ఇక్కడ వీడికి అంత తొందరేమొచ్చిందో నాకు అర్థం కాలేదు. నాలుగు తిట్లు టైపు చేసి, మళ్లీ నేనే చెరిపేశాను.

ఆ వీడియో చాలా చిన్నది. స్టేజీ మీద మైకు ముందు యూనిఫారంలో ఒక ఆడపిల్ల ఏడుస్తూ ఏదో చెబుతూ ఉంటుంది. తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ గబగబా వచ్చి, ఆ పిల్లకీ జనానికీ మధ్య నిలబడి మైకు మీద చెయ్యి వేస్తారు. సౌండు ఆగిపోతుంది. అంతే. చూసినవాళ్లందరూ ఆవిణ్ణే తిట్టారు. ఆ సౌండు ఆపింది నేనని వాళ్లలో ఒక్కడికీ తెలీదు.

నాది మండపేటలో మైకుసెట్ల షాపు. పెళ్లికైనా చావుకైనా, పార్టీ మీటింగుకైనా చర్చివాళ్ల కూటాలకైనా నా మైకే. స్టేజీకి ఓ పక్కన ఆంప్లిఫయరు పెట్టుకుని కూర్చుంటాను కాబట్టి మాట్లాడేవాళ్ల వీపులూ చెవులూ తప్ప మొహాలు నాకు పెద్దగా కనిపించవు. కానీ మనిషి మైకు ముందుకొచ్చి ఏం చేస్తాడో చూస్తే చాలు, ఎలాంటివాడో చెప్పేస్తాను. కొందరు దాని నెత్తిన మొట్టికాయలు వేస్తారు. కొందరు ఉఫ్ఫు ఉఫ్ఫుమని ఊదుతారు. ఇంకొందరు దాని మెడ పట్టుకుని మరీ ఊపేస్తారు. ఆవిడ మాత్రం దాన్ని ముట్టుకోకుండా నా వైపు తిరిగి, “మీది నిద్రలేచిందాండీ, మైకుగారూ?” అని అడిగేవారు.

నా పేరు ఆవిడకి తెలీక కాదు. నన్ను అలా పిలవడం ఆవిడకి సరదా. నేను ఆవిడ దగ్గర చదువుకోలేదు. మా అక్క చదివింది, చాలా ఏళ్ల తరవాత మా అమ్మాయి చదివింది. మధ్యలో నేను తప్పించుకున్నాను కాబట్టి నాకు ‘గారు’ దక్కింది. మిషను స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. సన్నంచు తెల్లచీర, మెళ్లో గొలుసుకి చిన్న సిలువ, లోపలివైపుకి తిప్పి కట్టుకున్న మగవాళ్ల చేతిగడియారం. ఎవరు ఎదురుపడినా, ఏ మతంవాళ్లైనా, ‘వందనాలండి’ అనే అనేవారు. కళ్లజోడు పెట్టుకునే డబ్బాలో కళ్లజోడు ఉండేది కాదు, పటికబెల్లం ముక్కలుండేవి. కళ్లజోడేమో చేతిరుమాల్లో చుట్టి సంచిలో పడేసేవారు. ఆ అద్దాలు గీతలు పడిపోయి, ఆవిడకి లోకం ఎలా కనబడేదో ఆ యేసుప్రభువుకే తెలియాలి.

ఆ పటికబెల్లం పిల్లల కోసం. మా చుట్టుపక్కల ఏ క్లబ్బువాళ్లు పిల్లలకి వక్తృత్వ పోటీ పెట్టినా జడ్జీల్లో ఆవిడ ఉండి తీరాలి. స్టేజీ ఎక్కబోయే ప్రతి పిల్లకీ ఒక ముక్క ఇచ్చేవారు. గొంతుకి మంచిదాండీ అని ఒకసారి అడిగితే, గొంతుకి కాదండీ, భయానికి అన్నారు.

జడ్జీల కుర్చీలన్నీ స్టేజీ వైపు తిరిగి ఉంటే ఆవిడది మాత్రం అడ్డంగా ఉండేది. సగం స్టేజీ వైపు, సగం జనం వైపు. పోటీలు జరిపేవాళ్లకి ఇది చిరాకు. సరిచేసి వేసినా ఆవిడ వచ్చి మళ్లీ అడ్డంగా జరుపుకునేవారు. పిల్ల ఎలా మాట్లాడుతోందో చెవులకి తెలుస్తుంది కదండీ, కళ్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి వాళ్ల ఇంట్లోవాళ్లని చూస్తున్నాను అనేవారు. నిజంగానే చూసేవారు. స్టేజీ మీద పిల్ల పెదాలతోపాటు కింద తల్లి పెదాలు కదలడం, పిల్ల ఒక మాట మింగేస్తే తండ్రి తొడ మీద కొట్టుకోవడం, అన్నీ ఆవిడకి కావాలి.

పిల్ల మాట్లాడడం అయిపోయాక ఆవిడ ఒకే ప్రశ్న అడిగేవారు. “ఇందులో నీ మాట ఏదమ్మా?”

దానికి సమాధానం చెప్పిన పిల్లలు బహు తక్కువ. చాలామంది బిక్కమొహం వేసి వాళ్ల సారు వైపు చూసేవాళ్లు. రాసిచ్చిన ఉపన్యాసంలో ఆ ప్రశ్న ఉండదు కదా.

నాకూ ఆవిడకీ ఒక రహస్య ఒప్పందం ఉండేది. కూర్చున్నచోటి నుంచే చేత్తో సైగ చేసేవారు. అరచెయ్యి కిందికి చూపిస్తే సౌండు తగ్గించాలి. వేలు గిర్రున తిప్పితే పెంచాలి. పిడికిలి బిగిస్తే పూర్తిగా కట్టెయ్యాలి. ఆ పిడికిలి ముఖ్య అతిథుల కోసం. పిల్లలు ఎండలో మాడిపోతుంటే ఏ నాయకుడో తన చిన్ననాటి కష్టాలు మొదలుపెట్టాడనుకోండి, ముందు వరసలోంచి పిడికిలి లేచేది. నేను తీగ లాగేసి, కరెంటు ప్రాబ్లం అండీ అని నెత్తి గోక్కునేవాణ్ణి. ఆవిడ పాపం అని నిట్టూర్చేవారు. ఆ నిట్టూర్పు చూస్తే నాకే అనుమానం వచ్చేది, నిజంగానే కరెంటు పోయిందేమోనని. పిల్లల మీద మాత్రం ఆ పిడికిలి ఎప్పుడూ లేవలేదు. ఏడ్చినా, మర్చిపోయి గుడ్లప్పగించి నిలబడినా, వాళ్ల టైము వాళ్లకి ఇవ్వాల్సిందే.

ఒకసారి ఆడవాళ్ల మీద జరిగే ఘోరాల గురించి పోటీ పెట్టారు. ప్రైమరీ పిల్లల చేత. ఐదో తరగతి పిల్ల ఒకతె కళ్లు ఎర్రజేసి, జడలు ఎగరేసి, పేపర్లో చదవడానికి మనకే నోరు రాని మాటలన్నీ గడగడా చెప్పి, చివర్న చెయ్యి పైకెత్తి “ఉరి తియ్యండి” అని అరిచింది. నా బాక్సులు అదిరిపోయాయి. జనం లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆవిడ ఎప్పటిలాగే అడిగారు, నీ మాట ఏదమ్మా అని. పిల్ల వాళ్ల సారు వైపు చూసింది. పోనీ ఉరి ఎవరికి తియ్యమన్నావు అని అడిగారు. ఆ పిల్ల చాలా మర్యాదగా, “తెలీదండి. అక్కడ చెయ్యెత్తమన్నారండి” అంది.

నాకు చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

ఆ రోజు ఫస్టు ప్రైజు ఆ పిల్లకి రాలేదు. ఉపన్యాసం సగంలో మర్చిపోయి నిలబడిపోయిన ఇంకో పిల్లకి వచ్చింది. ఆ పిల్లని కూడా ఆవిడ అదే ప్రశ్న అడిగితే, “మా స్కూల్లో బాత్రూముకి గడియ లేదండి. ఒకళ్లు లోపలికెళ్తే ఒకళ్లు తలుపు పట్టుకోవాలండి. మా ఫ్రెండు రాని రోజు నేను నీళ్లు తాగనండి” అని చెప్పి దిగిపోయింది. ఆ స్కూలు హెడ్మాస్టరు అక్కడే ఉన్నాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ప్రైజు ఆ పిల్లకే అని ఆవిడ పట్టుబట్టి కూర్చున్నారు. తరవాత ఆ గడియ పడిందని విన్నాను.

ఆ పోటీ అయ్యాక ఒక కుర్ర టీచరమ్మ ఆవిడతో గొడవ పెట్టుకుంది. పిల్లలు ఇలాంటివి ఇప్పుడే మాట్లాడకపోతే, రేపు వాళ్లకే ఏదైనా జరిగితే నోరెలా పెగులుతుందండీ మేడం అని నిలదీసింది. నాకు ఆ అమ్మాయి చెప్పిందే న్యాయంగా తోచింది. వైర్లు చుట్టుకుంటూ ఆ మాట నేనూ పైకే అన్నాను. ఆవిడ నవ్వారు. “మాట్లాడొద్దని నేననట్లేదండీ. మాట్లాడించి చప్పట్లు కొట్టుకుని మనం ఇంటికెళ్లిపోతున్నాం. అది వద్దంటున్నాను” అన్నారు. నాకు సగమే బోధపడింది. ఊళ్లో మాత్రం ఆవిడకి పిల్లలు పెద్ద విషయాలు మాట్లాడితే గిట్టదని పేరు పడిపోయింది. ఆవిడ దాన్ని తుడుచుకోలేదు.

ఇక ఆ వీడియో తీసిన రోజు సంగతి.

అప్పటికి కరోనా ఇంకా రాలేదు. బాలల దినోత్సవానికి ఒక క్లబ్బువాళ్లు కమ్యూనిటీ హాల్లో పోటీలు పెట్టారు. హైస్కూలు పిల్లలకి బాల్యవివాహాల గురించి. ఆ క్లబ్బు ప్రెసిడెంటుగారికి రైసు మిల్లుంది. మనిషి చెడ్డవాడు కాదు, నాటకాల పిచ్చి ఉన్నవాడు. మా వైపు పద్యనాటకం ఆడుతుంటే మంచి పద్యం దగ్గర జనం ‘వన్స్‌మోర్’ అని కేక పెడతారు. చనిపోతున్న రాజు కూడా లేచి కూర్చుని ఆ పద్యం మళ్లీ పాడి, మళ్లీ చనిపోవాలి. అలా ఒక రాజుని మళ్లీ మళ్లీ చంపించిన ఘనత మా ప్రెసిడెంటుగారిది. ఏడుపు పద్యం వింటే ఆయనకి రుమాలు తడిసిపోవాల్సిందే.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి. దగ్గర్లో పల్లెటూరి గవర్నమెంటు స్కూలు. బక్కపల్చటి పిల్ల, మైకు అందక మునివేళ్ల మీద నిలబడితే నేనే వెళ్లి స్టాండు దించాను. సారు రాసిచ్చిన ఉపన్యాసం తడుముకోకుండా అప్పజెప్పింది. పసిమొగ్గలూ, మూఢాచారాలూ, చట్టంలో సెక్షన్లూ, అన్నీ వచ్చాయి. చప్పట్లు బాగా పడ్డాయి. ప్రెసిడెంటుగారు స్టేజీ మీది కుర్చీలోంచి శభాష్ అన్నారు. కింద అడ్డకుర్చీలోంచి ఆవిడ అలవాటుగా అడిగారు.

“ఇందులో నీ మాట ఏదమ్మా?”

పిల్ల మైకు స్టాండు రెండు చేతులతో పట్టుకుంది. అది వణకడం నా హెడ్‌ఫోనులో వినబడింది. సరే, దిగిపోతుందిలే అనుకుంటున్నాను.

“అన్నవరం వ్రతానికని మా అమ్మమ్మ నాకు చీర కొందండి” అంది. ఉపన్యాసంలోని గొంతు కాదది, ఇంట్లో మాట్లాడే గొంతు. “ఉప్పాడ చీరండి. నాకెందుకు, లంగా వోణీ కొనమంటే తిట్టిందండి. అది వ్రతానిక్కాదంటండి. మా మావయ్యకిచ్చి నాకు పెళ్లి చేసేత్తారంటండి, వచ్చే వారం. నాకొద్దండి. మా అమ్మ మస్కట్‌లో ఉందండి, ఫోన్ చెయ్యనివ్వట్లేదండి. నాకొద్దని చెప్పండి.”

చెప్పి ఏడ్చేసింది. ఆ తరవాత జరిగింది తల్చుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. చప్పట్లు కొట్టారు. ఆ ఉపన్యాసానికి అది ముగింపనుకున్నారు. చివర్లో ఏకపాత్రాభినయం పెట్టార్రా, ఎంత బాగా చేసిందిరా పిల్ల, అనుకున్నారు. ఈలలు కూడా వేశారు. ప్రెసిడెంటుగారు రుమాలుతో కళ్లొత్తుకుంటూ లేచి నిలబడి, చెయ్యెత్తి, “వన్స్‌మోర్” అన్నారు.

వెనక కుర్రాళ్లు అందుకున్నారు. వన్స్‌మోర్, వన్స్‌మోర్. ప్రకటనలు చేసే ఆయన ఆ పిల్ల భుజం మీద తట్టి, మళ్లీ చెప్పమ్మా, అదే ఏడుపుతో చెప్పు అన్నాడు. పెద్దవాళ్లు చెయ్యమన్నది చెయ్యడం అలవాటైపోయిన పిల్ల. ముక్కు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది.

“అన్నవరం వ్రతానికని మా అమ్మమ్మ నాకు చీర కొందండి...”

నాకు అప్పుడు తెలిసింది అది నాటకం కాదని. నటించేవాళ్లు రెండోసారి ఇంకా బాగా చెయ్యాలని చూస్తారు. ఆ పిల్లకి రెండోసారి గొంతే రావట్లేదు. ఎవరైనా వింటారేమోనని వెతుక్కుంటున్నట్టు జనంలోకి చూస్తోంది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ పిల్లని చూడట్లేదు. అడ్డకుర్చీలో కూర్చుని హాలు వెనక గుమ్మం వైపు చూస్తున్నారు. అక్కడ గోడకానుకుని నిలబడిన ఒకతను ఫోను జేబులో పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకొస్తున్నాడు. ముప్ఫై ఏళ్లవాడు. ఆ జనంలో చప్పట్లు కొట్టని మనిషి అతనొక్కడే.

పిడికిలి లేచింది.

పిల్లల మీద ఎప్పుడూ లేవని పిడికిలి. నేను నిర్ఘాంతపోయాను. అయినా చెయ్యి అలవాటు ప్రకారం తీగ లాగేసింది. ఆవిడ అప్పటికే మెట్లెక్కేశారు. మోకాళ్ల నొప్పులని పట్టుకుని పట్టుకుని నడిచే మనిషి, ఎలా ఎక్కారో నాకు తెలీదు. పిల్లకి అడ్డంగా నిలబడి మైకు మీద చెయ్యి వేశారు. వీడియోలో మీరు చూసేది ఇక్కడిదాకానే. ఆ తరవాత ఆవిడ నా వైపు చూసి వేలు గిర్రున తిప్పారు. నేను సౌండు పెట్టాను.

“పాప చాలా బాగా నటించిందండి. ఉక్కకి పిల్లలకి కళ్లు తిరుగుతున్నాయి. కార్యక్రమం అయిపోయింది, అందరూ లేచి నిలబడండి, జనగణమన” అన్నారు.

జీవితమంతా పిల్లల్ని నీ మాట ఏదని అడిగిన మనిషి, ఆ హాల్లో వినబడిన ఒకే ఒక్క సొంత మాటని నటన అని చెప్పారు. నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. కానీ వేలు మళ్లీ తిరిగింది. జాతీయగీతం పెన్‌డ్రైవులో ఉంది, పెట్టేశాను. అందరూ నిటారుగా నిలబడ్డారు. మధ్యదాకా వచ్చిన ఆ మనిషి కూడా కాళ్లు దగ్గర పెట్టుకుని ఆగిపోయాడు. చిన్నప్పటి నుంచీ ఆ పాటకి కదలకూడదని బడుల్లో బెత్తం పట్టుకుని నేర్పారు కదా, ఆవిడే ఎందరికో నేర్పారు. ఆవిడ మాత్రం ఆ పాట మోగుతుండగా పిల్ల చెయ్యి పట్టుకుని స్టేజీ వెనక గుమ్మంలోంచి నడిచి వెళ్లిపోయారు. వెనక మా సామాన్ల ఆటో ఉంది. దాంట్లో మా బావమరిది ఉన్నాడు.

పాట అయిపోవచ్చింది. ఆటో స్టార్టవుతున్న చప్పుడు ఇంకా నాకు వినబడలేదు. ఏం చెయ్యాలో తోచక ఆ పాటే మళ్లీ పెట్టాను. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రెసిడెంటుగారు కళ్లతోనే నన్ను కాల్చేశారు. అయినా ఒక్కడూ కదల్లేదు. రెండోసారి ‘జయహే’ దగ్గరకొచ్చేసరికి ఆటో రోడ్డెక్కింది.

ఆ సాయంత్రమే ఆవిడ పిల్లల హెల్ప్‌లైనుకి ఫోన్ చేశారు. ఆఫీసరమ్మలు ఆవిడ ఇంటికే వచ్చి పిల్లతో మాట్లాడారు. ఆవిడ వంటింట్లో, తలుపులేసుకుని, ఎంతసేపు పట్టినా సరే అని. మస్కట్‌లో ఉన్న తల్లితో మాట్లాడించారు. పెళ్లి ఆగింది. పిల్లని దూరంగా ఒక హాస్టల్లో చేర్పించారు. మర్నాడు ఆ మావయ్య, హాల్లో జనాన్ని తోసుకుంటూ వచ్చినవాడే, మనుషుల్ని వేసుకుని ఆవిడ గేటు దగ్గరకొచ్చి చాలా మాటలన్నాడని మా బావమరిది చెప్పాడు. ఊళ్లో అమ్మమ్మ మాత్రం, పిల్ల చదువు కోసం చుట్టాలింటికి వెళ్లిందని చెప్పుకుంది. కొందరికి అనుమానం వచ్చే ఉంటుంది. వచ్చినవాళ్లు మెదలకుండా ఊరుకున్నారు.

ఈలోగా ఆ వీడియో బయలుదేరింది. హాల్లో ఏ కుర్రాడు తీశాడో, ఎవడు కత్తిరించాడో తెలీదు. పిల్లల గొంతు నొక్కే పాతకాలపు టీచరని రాష్ట్రమంతా తిట్టింది. ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్లు కూడా తిట్టారు. నాకు అన్నం సయించలేదు. ఫోను పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లాను. వరండాలో అరటికాయలు చెక్కు తీస్తున్నారు. ఆవిడకి స్మార్ట్‌ఫోను లేదు. నేనే పెట్టి చూపించాను. కింద రాసిన తిట్లు కూడా, చదవొద్దన్నా, నా చేత చదివించారు. విని కత్తిపీట పక్కకి జరిపి, చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని ఫోనుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు.

“ఇందులో పిల్ల మొహం కనిపిస్తోందాండీ? నా కళ్లకి తెలీట్లేదు.”

నేను మళ్లీ చూశాను. దూరం నుంచి తీసింది, మొదట్లో మైకు అడ్డం, తరవాత ఆవిడ చీర అడ్డం. పిల్ల మాటలు చప్పట్లలో కలిసిపోయాయి. లేదండీ, పిల్లెవరో తెలీదు, మీరే కనిపిస్తున్నారు అన్నాను.

“అయితే ఉండనివ్వండి” అని ఫోను నా చేతిలో పెట్టేశారు.

నాకు కోపం ఆగలేదు. అసలు జరిగింది చెప్పేద్దామండీ, నేను సాక్ష్యం ఉన్నాను, మీరు కాపాడిన పిల్ల నోరు మీరే నొక్కారంటుంటే ఎలా ఊరుకుంటారు అని గట్టిగానే అరిచాను. ఆవిడ అరటికాయ మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. “ఆ రోజు మైకులో ఆ పిల్ల చెప్పుకుంటూ పోతే ఊరంతా విని ఇళ్లకి పోయేదండి. ఆ పిల్ల మాత్రం సాయంత్రం ఆ అమ్మమ్మ ఇంటికే వెళ్లాలి. అదొక్కటే నాకు కనిపించింది.” చెక్కు తీస్తూనే, “ఇప్పుడు చెప్పడానికి అది నా మాట కాదు, మీ మాటా కాదు. ఆ పిల్లది. పెద్దదయ్యాక చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకుంటుంది. అనిపించకపోతే మానేస్తుంది. మీరు మాత్రం ఎక్కడా అనకండి” అన్నారు.

నేను అనలేదు. ఆవిణ్ణి ఆ తరవాత జడ్జిగా పిలవడం మానేశారు. ఆ సంగతి ఆవిడ కంటే నన్నే ఎక్కువ బాధపెట్టింది. ముందు వరసలో కుర్చీలన్నీ తిన్నగా ఉంటే చూడ్డానికి నాకు అదోలా ఉండేది. ముఖ్య అతిథులు గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. కరెంటు ప్రాబ్లం ఒక్కసారీ రాలేదు.

సమాధి రోజు చర్చిలో మైకు నేనే పెట్టాను. ఆరాధన అయ్యాక, వాళ్ల పద్ధతి ప్రకారం, పోయినవాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నవాళ్లని పిలిచారు. ప్రెసిడెంటుగారు ముందు వరసలోంచి లేచారు. ఈ మధ్య మనిషి బాగా పెద్దవాడైపోయాడు. క్రమశిక్షణ అన్నాడు, నిజాయితీ అన్నాడు. చివర్న, కొంచెం పాతకాలపు మనిషి, పిల్లలు స్వేచ్ఛగా మాట్లాడితే ఆవిడకి గిట్టేది కాదు, అయినా ఎవరి అభిప్రాయాలు వారివి, అని పెద్దమనసు చేసుకున్నాడు. కొందరు తలలూపారు. నా వేళ్లు తీగ మీదే ఉన్నాయి. పిడికిలి బిగించే చెయ్యి పెట్టెలో ముడుచుకుని ఉంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు వెనక నుంచి ఒక అమ్మాయి నడిచి వచ్చింది. నర్సింగు చదివే పిల్లలు వేసుకునే తెల్లకోటు, భుజాన బ్యాగు. బస్సు దిగి తిన్నగా వచ్చినట్టుంది. నేను గుర్తుపట్టలేదు. మైకు స్టాండు నేను పైకి లేపాల్సి వచ్చింది. ఆ అమ్మాయి మైకుని కొట్టలేదు, ఊదలేదు. గుప్పిట్లోంచి చిన్న ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకుంది. పటికబెల్లం. అప్పుడు పోల్చుకున్నాను.

“వందనాలండి. ఇది నా మాటండి, ఎవరూ రాసివ్వలేదు” అంది. “తొమ్మిదో తరగతిలో ఇది కమ్యూనిటీ హాల్లో చెప్పాను. అప్పుడు మీరు వన్స్‌మోర్ అన్నారు. అప్పుడు మేడంగారు నన్ను చెప్పనివ్వలేదు. ఎందుకు చెప్పనివ్వలేదో అది కూడా చెప్తాను. ఇప్పుడు నాకు ఏ ఇంటికీ భయపడి వెళ్లాల్సిన పని లేదండి.”

ప్రెసిడెంటుగారు రుమాలు తీయబోయి, సగంలో చెయ్యి అలాగే ఉంచేశారు. బయట రోడ్డు మీద ధాన్యం లారీలు పోతున్నాయి. లోపలివాళ్లకి ఆ సౌండు చాలు, కానీ నేను వేళ్లతో సౌండు నాబు చివరికంటా తిప్పేశాను. చర్చి గోడ మీద కట్టిన హారన్లలోంచి రోడ్డు దాకా వినబడాలి.

“అన్నవరం వ్రతానికని మా అమ్మమ్మ నాకు చీర కొందండి” అని ఆ అమ్మాయి మొదలుపెట్టింది.